ధాత కరవునాటి నిరాశ్రయ స్త్రీలు: నంద్యాల సీమ చరిత్రలో ఒక విస్మృతాధ్యాయము

రాయలసీమ కరవులను గూర్చి వెలువడిన గ్రంథములు తక్కువ కావు. ఏ యేట వాన తప్పినది, జొన్నల ధర ఎంతవరకు ఎగసినది, ప్రభుత్వమువారు ఎన్ని పనులు తెరచిరి, ఎందరు మడిసిరి అను విషయములు వానిలో విపులముగనే కలవు. కాని మడియక మిగిలినవారు మరల ఎట్లు బ్రదికిరి? ఇల్లు విడిచి, ఊరు విడిచి, గంజి పోయుచోట్ల చుట్టును, కంకర కొట్టు పనుల చుట్టును తిరిగిన ఆడుది తిరిగి ఒక పొయ్యి రాజవేసికొనుటకు ఏ త్రోవ పట్టినది? ఈ ప్రశ్నకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమును కేటాయించిన చరిత్ర కానరాదు. సమాధానము మాత్రము లేకపోలేదు. అది కూలి రేట్లను గూర్చిన తగవులలో, జనాభా లెక్కలలో, పొలము పట్టాల నియమములలో, ఓడల పట్టికలలో చెల్లాచెదరుగ పడియున్నది. నంద్యాల, శిరివెళ్ళ, కోవెలకుంట్ల తాలూకాలుగా ఆనాడు వ్యవహరింపబడిన సీమను, అనగా నేటి నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతమును, ఆధారముగ గైకొని ఆ ముక్కలను ఒకచోట చేర్చి చూచుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఈ ప్రశ్నను స్త్రీలను గూర్చియే అడుగుటకు తగిన కారణము కలదు. 1871 జనాభా లెక్కలనాడు మద్రాసు రాజధానిలో పురుషుల సంఖ్య స్త్రీల సంఖ్యకంటె అధికము. 1881 లెక్కలలో స్త్రీలు అధికమైరి. నడుమ జరిగినది 1876-78 నాటి మహాక్షామము. కరవులలో మగవారి మరణములు ఆడువారి మరణములకంటె హెచ్చుగ నుండుటను తరువాతి కాలపు జనాభా శాస్త్రజ్ఞులు ఇతర దేశములలో సైతము గుర్తించియున్నారు. కర్నూలు మండలము ఆ క్షామమున మిక్కిలి దెబ్బతిన్నవానిలో ఒకటి. 1881లో ఆ మండలపు జనసంఖ్య 7,09,305. ఇది పదియేండ్ల క్రిందటి సంఖ్యకంటె సుమారు నాలుగవ వంతు తక్కువ. ఇరువది యేండ్లు గడచి 1901 లెక్కలు తీయునాటికి సైతము, 8,72,055 మందితో, ఆ లోటు పూడలేదు. అందుచేత కరవు వెనుకబట్టిన పిమ్మట పాడుబడిన ఊళ్ళలో గోడలు లేపవలసినవారిలో, ఆస్తిపత్రము చేతలేని విధవలు, మగదిక్కులేని తల్లులు ఎప్పటికంటె హెచ్చుగ నుండిరని ఊహించుట సాహసము కాదు.

నేను నిరూపింప దలచినది ఒక్క విషయము. ఇల్లు గోల్పోయిన స్త్రీ మరల నిలదొక్కుకొనుట ఆమెకు ఎంత గంజి దొరకినదను దానికంటె, ఆ గంజి ఎచ్చట దొరకినదను దానిపై ఎక్కువగ ఆధారపడినది. ఊరిలో దొరకిన పిడికెడు గింజలు ఇల్లు నిలిపినవి. పదిమైళ్ళ అవతల దొరకిన కూలి, ప్రాణము నిలిపినను ఇంటిని కూల్చినది.

మొదట ఇల్లనగా నేమో చూడవలెను. ఎఱ్ఱమలల నడుమను నల్లమలల నడుమను కుందూ నది పారు ఈ లోయలో నేల చాలవరకు నల్లరేగడి. పైరులు జొన్న, పత్తి. కలిగిన కాపుల ఇండ్లు మట్టిమిద్దెలు. దూలములపై దంతెలు పరచి, చౌడుమన్ను కప్పినవి. కూలినాలి చేసికొనువారివి కొట్టములు. మట్టిగోడలపై గడ్డి కప్పినవి. ఇట్టి ఇల్లు ఏటేట మరమ్మతు లేనిదే నిలువదు. వానకు ముందు పైకప్పుపై చౌడు చల్లవలెను, గడ్డి మార్చవలెను, గోడలు మెత్తవలెను, అలుకవలెను. ఈ పనిలో పెద్దపాలు ఆడువారిది. కావున మనిషి ఆరునెలలు తొలగిన ఇల్లు ఏడవ నెలలో దిబ్బ. కరవున అంతవరకు ఆగ నవసరము లేదు. మేత లేనప్పుడు కప్పుగడ్డి పసరమునకు వేయుదురు. పసరము పోయిన పిమ్మట దూలములు, తలుపులు వంటచెరకు ధరకు అమ్ముదురు. ఇంటివారు వెడలుటకు ముందే ఇల్లు వెడలిపోవునన్న మాట.

ఇంటిస్థలము సంగతి మరియు సున్నితమైనది. పొలమునకు పట్టా కలదు. ఊరినడిమి ఇంటిస్థలము గ్రామనత్తము. దానిపై హక్కు ప్రధానముగ స్వాధీనము మూలమున వచ్చునది, కాపురమున్నవారిది స్థలము. పల్లె వెలుపలి వాడలలో ఉన్నవారికి ఆ స్వాధీనము తప్ప వేరు ఆధారమేదియు లేదు. ఊరు విడిచి, గోడలు కూలి, ఏడాది రెండేండ్లకు తిరిగివచ్చిన ఒంటరి ఆడుది "ఇది మా చోటు" అని చెప్పుటకు ఇరుగుపొరుగుల నోటిమాటయే సాక్ష్యము. ఆ ఇరుగుపొరుగులు సైతము చెదరిపోయినచో సాక్ష్యము లేదు. ఇల్లు విడుచుట యెంతటి నష్టమో ఈ దృష్టితో చూచిననే తెలియును.

ధాత కరవునకు పదియేండ్ల ముందు, 1866లో, ఇదే సీమలో మరియొక కరవు వచ్చెను. ఆనాటి జ్ఞాపకము కోవెలకుంట్ల తాలూకాలోని ఉయ్యాలవాడ గ్రామమును ఆశ్రయించియున్నది. 1847లో ఉరితీయబడిన నరసింహారెడ్డి మూలమున ప్రసిద్ధికెక్కిన గ్రామమే యిది. అచ్చటి బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు, పాతరలు తెరచి, వచ్చినవారికి వచ్చినట్లు నెలల తరబడి అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకము వచ్చినదని ప్రతీతి. ఆయన దాతృత్వమును గూర్చిన జానపదగేయములు రాయలసీమలో విరివిగ వ్యాప్తి నొందినవి. జనులు ఈ కరవును డొక్కల కరవని యందురు. డొక్కల కరవను పేరు 1833 నాటి క్షామమునకు తీరమండలములలోను, 1876 నాటి క్షామమునకు మరికొన్ని తావులలోను వాడుకలో నున్నది గనుక, ఆ పేరు విన్నంతనే సంవత్సరమును నిర్ణయించు తొందర పరిశోధకులకు తగదు. డొక్కలు కనబడిన ప్రతి కరవును జనులు ఆ పేరుననే పిలిచిరి.

ఉయ్యాలవాడ అన్నదానమును మన చరిత్రకారులు దాత వైపునుండి చూచినారు. తినినవారి వైపునుండి చూచినచో ఒక విశేషము గోచరించును. అది ఆ సీమ నడిమి ఊరు. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చినవారు పెట్టినది తిని తమ ఊరి పొలిమేరను కన్నుల మరుగు కానీయక మెలగగల దూరములోనిది. పెట్టువాడు ఊరివాడు, ఎవరు ఏ ఇంటివారో ఎరిగినవాడు. తినుటకు వచ్చినవారిచే పని చేయింపలేదు, పరీక్ష పెట్టలేదు. వాన పడినంతనే విత్తుటకు పోదగినంత దాపున జనము నిలిచెను. వెంగళరెడ్డిగారి దానమును కొనియాడుచు ఈ దూరపు సంగతిని విడుచుట సరికాదు. ఆ ధర్మము సఫలమగుటకు గాదెల పరిమాణము ఎంత కారణమో, ఆ గాదెలు ఊరిలో నుండుటయు అంత కారణము.

ధాత నామ సంవత్సరము, అనగా 1876, ఇట్టిది కాదు. నైరృతి ఋతుపవనము తప్పెను, ఈశాన్యమును తప్పెను. ఆ యేటి అక్టోబరునాటికి ధరలు ఆకాశమునంటెను. మరుసటి ఈశ్వర సంవత్సరమున సైతము తొలివానలు మోసగించి, 1877 సెప్టెంబరున గాని మంచివాన కురియలేదు. నంద్యాలకు అప్పటికి రైలు లేదు. మద్రాసునుండి రాయచూరు పోవు రైలుమార్గమున గుత్తియే దాపు; అచ్చటికి చేరిన ధాన్యము బండ్లపై రావలెను. బండ్లు లాగు ఎడ్లకే మేత లేని యేడది.

ఈ స్థితిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డు టెంపిల్‌ను 1877 ఆరంభమున మద్రాసు రాజధానికి పంపెను. వ్యయము తగ్గించుట ఆయనకు ఒప్పగింపబడిన కార్యము. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము కొనదగు పైకమును, దానిపై అర్ధణాయును కూలిగ నిర్ణయించెను. ఆడువారికి, పనిచేయగల పిల్లలకు అంతకంటె తక్కువ. దేహదారుఢ్యము కలవారికి ఇంటికి పదిమైళ్ళ లోపల పని చూపరాదను దూరపరీక్ష సైతము ఆ విధానమున చేరెను. నిజముగ ఆకలిగొన్నవాడే అంతదూరము నడచివచ్చునని దాని తర్కము. రాజధాని ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిషు ఒక పౌను ధాన్యముతో పనిచేయు మనిషి బ్రదుకజాలడని తీవ్రముగ వాదించెను. ఆ వాదము ఫలించి 1877 మధ్యనాటికి డ్యూక్ ఆఫ్ బకింగుహాం ప్రభుత్వము కూలి కొంత హెచ్చింపవలసివచ్చెను. విద్యార్థులందరు ఎరిగిన కథయే యిది.

నాకు విచారము కలిగించునది పౌను తగవు కాదు. పదిమైళ్ళ మాటను గూర్చి అంతటి తగవు జరుగకపోవుట. పౌను ధాన్యము తక్కువైనచో దేహము కృశించును. కృశించిన దేహము కార్నిషు తూకములకు చిక్కినది. పదిమైళ్ళ నడకవలన కృశించినది కాపురము. దానిని తూచు త్రాసు లేదు. మగడు సచ్చినది, ఇద్దరు బిడ్డల తల్లి, శిరివెళ్ళ తాలూకా పల్లెలో ఉన్నదనుకొందము. ఈమె శక్తిగల కూలీ యని వ్రాయబడినచో పనిచోటికి పోవలెను. పోయినచో పైకప్పు లేని ఎండలో, మన్ను తట్టలు మోయుచు, రాత్రి అచ్చటనే పడుకొనుచు నెలలు గడపవలెను. మంచము పట్టిన అత్త ఊరిలో ఉండిపోవును. ముసలిదానికి ఇల్లు అలుకు ఓపిక లేదు. నత్తము కాపాడు నోరును లేదు. ఈ తల్లి శక్తిలేనిదని వ్రాయబడినచో క్షామశిబిరమునకు పోవలెను. అచ్చట గంజి పోయుదురు గాని, లోపలికి పోయినవారిని వెలుపలికి స్వేచ్ఛగ పోనీయరు. రెండు విధముల ఇల్లు విడువవలసినదే. ఇది ఒక కల్పిత దృష్టాంతము. కాని ఆ నియమములను చదివి, గ్రామనత్తపు స్వరూపమును ఎరిగినవారికి దీనిలో అతిశయోక్తి తోపదు.

ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి ఆ క్షామముననే అమలులోనికి వచ్చినది. పనికి పోలేనివారికి గ్రామ మునసబు మూలమున ఊరిలోనే పైకము పంచుట. దీనియందు మోసము జరిగినది. సచ్చినవారి పేర్లు పట్టికలలో నిలిచినవి. మునసబుకు కావలసినవారు ముందు కుడిచిరి. వెలివాడలకు చేయి అందుట కడపట. అధికారులు దీనిని అనుమానముతో చూచుట నిష్కారణము కాదు. అయినను దీనికి గల ఒక గుణము ఎన్ని దోషములకైన సమాధానము. పైకము తీసికొన్న ముసలిది తన కొట్టముననే ఉండెను. ఆమె ఉన్నంతవరకు అది ఇల్లు. పనికిపోయిన కోడలు తిరిగివచ్చుటకు ఒక చోటు కలదు. సర్ రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామసంఘము 1880లో సమర్పించిన నివేదికలో, పనిచేయలేని వారికి ఊరిలోనే సహాయము చేయుటను అంగీకరించెను. 1883 నుండి క్షామనిబంధనలు సిద్ధమైన పిదప ఈ పద్ధతికి శాశ్వతత్వము కలిగినది. ఘోషా స్త్రీలకు ఇంటియొద్దనే సహాయమందింపవలెనని ఆ నిబంధనలు ప్రత్యేకించి చెప్పినవి. అగ్రకులముల స్త్రీ గడప దాటరాదను మర్యాదకు ప్రభుత్వము తలయొగ్గినది. మాలపల్లె ఆడుది గడప దాటినచో ఆ గడపయే మిగులదను సంగతి మాత్రము నిబంధన వ్రాసినవారికి తోచలేదు.

1891-92లోను, 1896-97లోను మరల కరవులు వచ్చినప్పుడు నేతగాండ్రకు వారి వృత్తిలోనే ఆదరువు చూపు పద్ధతి బలపడెను. నూలిచ్చి, నేసిన బట్టను కొనుట. మగ్గమున కూర్చున్నవాడు మగవాడే కావచ్చును. నూలు తోడుట, కండెలు చుట్టుట, ఆసు పోయుట ఆడువారివి. సాలెవానిని రాళ్ళు కొట్టుటకు పంపినచో వాని చేతులు చెడుననుట నివేదికలలో వినవచ్చు వాదము. దానితోపాటు ఇల్లును నిలిచెననుట నేను చేర్చు మాట. మగ్గము ఉన్న ఇంటికి తాళము పడదు.

కర్నూలు-కడప కాలువ సంగతి వేరుగ చెప్పవలెను. సుంకేసుల ఆనకట్టనుండి నంద్యాల సీమ గుండ కడపకు పోవు ఈ కాలువను ఒక ఇంగ్లీషు కంపెనీ 1860లలో త్రవ్వించినది; 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. కరవునకు ముందు రేగడి రైతులు ఆ నీటిని అంతగ వాడుకొనలేదు. తేమ నిలుపుకొను నల్లనేలకు, జొన్నకు, పత్తికి కాలువనీరు పెట్టి నీటితీరువ కట్టుట వారికి దండుగగ తోచినది. దొరలు దీనిని మూర్ఖత యనిరి. రైతు లెక్క రైతుకు తెలియును. ధాత కరవున మాత్రము ఆ నీటికై జనులు ఎగబడిరి. పంట పండిన కొద్ది పొలములు కాలువ గట్ల వెంబడివే. తరువాతి దశాబ్దులలో వరిమళ్ళు పెరిగినకొలది ఆడుకూలికి ఒక క్రొత్త ఆధారము దొరకినది. నాట్లు, కలుపు, కోత. వీనిలో నాటుపని, కలుపుపని కేవలము ఆడువారివి. రాట్నము సీమనూలు దెబ్బకు మూలపడుచున్న కాలమున వరినాటు వచ్చి ఆ లోటును కొంత పూరించినదని నా తలపు.

1880లలో బళ్ళారినుండి కృష్ణవరకు క్షామరక్షణార్థము వేసిన రైలుమార్గము నంద్యాల మీదుగ సాగి, నల్లమలల నడుమ బొగద త్రవ్వి, దొరబావి లోయపై ఎత్తైన వంతెన దాటి గిద్దలూరు చేరెను. ఇది ముందటి క్షామము నేర్పిన పాఠము. గుత్తినుండి బండ్ల రాకకై మరల వేచియుండ నక్కరలేని ఏర్పాటు.

ఇక 1877 శరత్కాలపు వానల పిమ్మటి కథ. ఆ యేటి ఆగస్టులో మద్రాసు పౌరుల విన్నపముపై లండను నగరమున మాన్షన్ హౌస్ నిధి ప్రారంభమైనది. వాన కురిసిన తరువాత ఆ విరాళములలో చాల భాగమును విత్తనములు, ఎడ్లు కొనుటకు, కూలిన ఇండ్ల పైకప్పులు వేసికొనుటకు, గుడ్డలకు, అనాథ బాలుర పోషణకు వినియోగించిరి. మద్రాసు పత్రికాసంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన రెండు సంపుటములలో ఈ వితరణ వర్ణింపబడియున్నది. ప్రాణము నిలుపుటతో సహాయము ముగియదు, మనిషిని తన చోట తిరిగి నిలుపవలెనను భావము ఇచ్చట స్పష్టముగ కనబడుచున్నది. ఇది ప్రశంసనీయము. అయితే విత్తనము, ఎద్దు ఎవరికి? పొలము కలవానికి. పొలము కలవాడెవడు? పట్టా కలవాడు. పట్టా మగవాని పేరిట నుండును. సంతానహీనయైన విధవకు హిందూ ధర్మశాస్త్రానుసారము మగని పాలిపై పరిమితమైన అనుభవహక్కు కొన్ని సందర్భములలో కలిగినను, బావలతోను మరదులతోను కూడియున్న ఉమ్మడి కుటుంబమున ఆమెకు మనువర్తియే. పైగా 1864 నాటి శిస్తు వసూలు చట్టము క్రింద బకాయిపడిన పొలము వేలమునకు వచ్చును. తరువాత 1883, 1884 సంవత్సరములలో భూమి మరమ్మతు అప్పుల చట్టము, వ్యవసాయకుల అప్పుల చట్టము వచ్చినను, అప్పునకు పూచీ కావలెను. పూచీ పట్టాయే.

కాబట్టి పొలములేని స్త్రీ తన బ్రదుకును ప్రభుత్వముతో నిమిత్తము లేకయే పునర్నిర్మించుకొన్నది. ఆమె చేతిలో మిగిలినవి రెండు: ఒడలి కష్టము, పదిమందితో ఉన్న పొందు. నగ అప్పటికే పోయినది. స్త్రీధనమనబడు వెండి కడియములు కరవు తొలియేటనే అమ్ముడుపోవును. ఆ రెండేండ్లలో కరగించుటకు బొంబాయి టంకశాలకు చేరిన వెండి నగల రాశియే అందుకు నిదర్శనము. పెట్టుబడి అక్కరలేని పని విసురుట, దంచుట. జొన్న పండిన ఇంటికి తిరుగలి త్రిప్పు చేయి కావలెను. తరువాత కోత. ఈ సీమలో జొన్నకోత కూలి గింజలరూపముననే ముట్టెడిది. కరవు అనంతరము కూలీలు తక్కువైన కాలమున ఆ గింజలకు బలము హెచ్చు. కోత ముగిసిన చేలలో రాలిన కంకులు ఏరుకొనుట బీదల హక్కుగ నుండెను. పుష్యమాఘములు దాటినచో పత్తి. పత్తి తీయుటకు ఆడువారే కావలెను. తీసిన పత్తిలో ఒక వంతు కూలి. ఈ వరుసను గమనించినచో ఒక ఏడాది చక్రము ఏర్పడును. దానిలో ఎచ్చటను పట్టా అవసరము లేదు. ఊరిలో నిలిచియుండుట మాత్రము అవసరము. శ్రావణమున వెడలి మాఘమున వచ్చినదానికి ఏ చేనును దక్కదు.

కరవు తిండి సైతము ఇట్టి స్థానిక జ్ఞానమే. బ్రదికియున్న బలుసాకైన తినవచ్చునను సామెత పుట్టినది ఊరక కాదు. ఏ ఆకు ఉడికించిన చేదు వాయును, ఏ గడ్డ నానవేసిన విషము తొలగును అనునది ఆయా పొలిమేరల ఆడువారు ఎరిగిన విద్య. ఊరు మారిన స్త్రీకి ఈ విద్యయు సగము పనికిమాలును.

మారుమనువును గూర్చి మన పరిశోధకులు అంతగ శ్రద్ధ చూపలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు తెలుగుదేశమంతయు అట్టుడికినట్లుడికెను. అది న్యాయమే, ఆ సంస్కరణవలన మేలుపొందినవారి దుఃఖము సామాన్యమైనది కాదు. కాని సరిగ్గా ఆ సంవత్సరములలోనే, కర్నూలు మండలపు పల్లెలలో, కష్టించు కులముల విధవలు పంచాయతీ ఎదుట చీర కట్టుకొని మారుమనువు చేసికొనుచుండిరి. అది వారికి తరతరముల ఆచారము. పత్రికల కెక్కవలసిన వింత కాదు. ఆలిని గోల్పోయినవాడు, మగని గోల్పోయినది, ఇద్దరి పిల్లలు కలిసి ఒక కొట్టము వేసికొనుట కరవు తరువాతి కాపురముల ముఖ్యరూపములలో ఒకటియై యుండవలెను. దీనిని ఆదర్శముగ చిత్రింప నక్కరలేదు. మారుమనువు పోయిన స్త్రీకి మొదటి మగని ఆస్తిపై హక్కు పోవును. పిల్లలు కొన్నియెడల మొదటి ఇంటివారి వశమగుదురు. ఆమె పైకప్పు సంపాదించుకొన్నది, దానికి వెల చెల్లించినది.

తిరిగిరానివారి సంగతి కొంత చెప్పవలెను. ఆళ్ళగడ్డ దాపున ముత్యాలపాడులో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునుండి ఎస్.పి.జి. క్రైస్తవ మిషను ఉండెను. తరువాత నంద్యాల ఆ మిషనునకు ప్రధానకేంద్రమైనది. క్షామానంతరము తెలుగుదేశమున మిషనులలో చేరినవారి సంఖ్య మిక్కిలి పెరిగినది. నల్లమలల కావలి ఒంగోలు సీమలో, బకింగుహాం కాలువపనిలో కరవు జనమునకు కూలి కల్పించిన క్లౌ దొర 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చుట సుప్రసిద్ధము. అన్నముకై మతము మారిరని కొందరు, ఆత్మగౌరవముకై మారిరని కొందరు వాదింతురు. ఆడుపిల్లల విషయమున ఒక సంగతి నిర్వివాదము. మిషను బడి వసతిగృహమున పెరిగిన అనాథబాలికకు చదువు, దానితో ఉపాధ్యాయినిగనో నర్సుగనో జీతము దొరకు అవకాశము కలిగినది. అట్టి ఇల్లు పూర్వపు నత్తముపై లేచినది కాదు; కాని అది ఆమె సంపాదనపై లేచినది.

మరికొందరు సముద్రము దాటిరి. మద్రాసు రేవునుండి నేటాలునకు కూలీల ఓడలు 1860లోనే మొదలైనవి. నూరుగురు మగవారికి నలుబదిమంది ఆడువారు ఉండవలెనను నియమముచేత, ఒంటరి స్త్రీలను, విధవలను దళారులు వెదకి పట్టుచుండిరి. ఈ ఓడల పట్టికలలో ప్రతి స్త్రీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, జిల్లా, ఒడలిపై పుట్టుమచ్చ సహితము వ్రాయబడియున్నవి. చెరకుతోటకు అమ్ముడైన స్త్రీకి పేరున్నది. ఊరిలో నిలిచి గోడ లేపిన స్త్రీ మన నివేదికలలో "ఆడుకూలీ ఒకటి" మాత్రమే. పరారి కాకుండ గుర్తుపట్టవలసినవారి పేర్లను ప్రభుత్వము శ్రద్ధతో వ్రాసికొన్నదని దీనికి అర్థము. ఈ వింతను పరిశోధక విద్యార్థులు గమనించి, ఆ పట్టికలలోని తెలుగు ఊళ్ళపేర్లను ఆధారముగ గొని వెనుకకు నడచినచో మంచిఫలము కలుగును.

నూరేండ్లు గడచిన పిదప ఇదే ప్రశ్న ఈ సీమలో వేరొక రూపమున తలయెత్తినది. ఈసారి వాన తప్పలేదు, నీరు వచ్చినది. శ్రీశైలం జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగినవి. వానిలో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో నేడు చేరియున్న ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతముల ఊళ్ళు పెక్కు. 1981 వేసవిలో ఖాళీచేయని ఇండ్లను అధికారులు కూల్పించిరి. ఆ నీటిలోనే మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి, గుర్తులు వేసి, ఆలంపురమున తిరిగి నిలిపిరి. ఆ పని చేసిన పురావస్తుశాఖవారిని అభినందింపవలసినదే. ఇండ్ల విషయమున అట్టి శ్రద్ధ లేదు. పరిహారము 1894 నాటి భూసేకరణ చట్టము ప్రకారము, అనగా హక్కుపత్రము కలవానికి. కోతకూలి, పత్తికూలి, ఏటిఒడ్డు కాయగూరలు, అడవి కట్టెలు ఆధారముగ బ్రదికిన స్త్రీకి పోయినది ఏ పత్రములోను లేదు. ఇంటికొక ఉద్యోగమని 1986లో వెలువడిన 98వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు సైతము ఇంటిని ఒక్క మనిషిగ లెక్కించినది. ఆ ఒక్కరు ఆడుబిడ్డ యగుట అరుదు.

చట్టము మెల్లగ కదలినది. 1937లో విధవకు మగని పాలిపై హక్కు, 1956లో హిందూ వారసత్వ చట్టము, 1985 సెప్టెంబరునుండి అమలునకు వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ మూలమున కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో సమానభాగము. ఇవి పొలము, ఇల్లు ఉన్న కుటుంబముల సంగతులు. ఏమియు లేనివారి విషయమున చెప్పదగిన మార్పు ఇంటిస్థలపు పట్టా స్త్రీ పేరిట వ్రాయుట. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన పంపిణీలో సుమారు 30 లక్షల పట్టాలు స్త్రీల పేరిటనే ఇచ్చునట్లు ప్రకటించిరి. ఆ స్థలములు పెక్కుచోట్ల ఊరికి దూరముగ నున్నవని, పనిచోటికి నడక హెచ్చినదని పుచ్చుకొన్నవారిలో పలువురు చెప్పుచున్నారు. పదిమైళ్ళ పరీక్షను చదివినవారికి ఈ ఫిర్యాదు క్రొత్తది కాదు. 1878లో నత్తముపై నోటిసాక్ష్యముతో నిలిచిన స్త్రీకి పత్రము లేదు, పొలము దాపు. 2020లో పత్రము చేతికి వచ్చినది, పొలము దూరమైనది.